బోండాంకి ఎప్పుడూ ఆకలే

పోయిన వారం కాలమ్ చివర్లో "మా కప్పకి తిండి పెట్టే టైమైంది, ఉంటాను" అని ఒక్క ముక్క రాశాను. దాని పైన క్రెడిట్ స్కోర్ గురించి అంత కష్టపడి రాసింది ఎవరికీ పట్టినట్టు లేదు. వచ్చిన మెయిల్స్ అన్నీ కప్ప మీదే. "బ్రో, నిజంగా కప్పేనా?" "ఏం పెడతారు?" "హైదరాబాద్‌లో దొరుకుతుందా?" ఒకావిడైతే సూటిగా "ఇంట్లోవాళ్లు ఏమీ అనరా?" అని అడిగారు. ఎందుకనరండీ, అంటారు. మా మామ్మ వీడియో కాల్‌లో దాన్ని చూసి "అమెరికా వెళ్లి కప్పల్ని మేపుతున్నావట్రా" అని అరగంట తలంటింది.

సరే, ఈ వారం కప్ప పురాణమే.

దాని పేరు బోండాం. పచ్చగా, గుండ్రంగా, కొబ్బరి పొట్టులో కూర్చుని ఉంటుంది. కోనసీమ వాణ్ని, నాకు ఇంకో పేరు ఎలా తడుతుంది? శాస్త్రీయ నామం సెరటోఫ్రిస్ క్రాన్‌వెల్లై. మామూలు ఇంగ్లిష్‌లో హార్న్‌డ్ ఫ్రాగ్, అంటే కొమ్ముల కప్ప. నిజం కొమ్ములేం కావు, కళ్ల పైన చర్మం చిన్న మొనలా లేచి ఉంటుంది, అంతే. పెంచేవాళ్లందరూ పిలిచేది మాత్రం ప్యాక్‌మ్యాన్ కప్ప అని. 1980లో వచ్చిన ఆ వీడియో గేమ్ తెలుసుగా, పసుప్పచ్చ గుండొకటి నోరు తెరుచుకుని దారిలో కనపడిందల్లా మింగుకుంటూ పోతుంది. బోండాంని ఎదురుగా ఒక్కసారి చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. మనిషికి మొహంలో నోరుంటుంది. దీనికి నోటి వెనకాల కాస్త కప్ప ఉంటుంది.

సొంతూరు దక్షిణ అమెరికా. అర్జెంటీనా, పరాగ్వే, బొలీవియా కలిసే చోట గ్రాన్ చాకో అని పెద్ద మైదానం ఉంది. కొన్నాళ్లు వానలు, ఆ తర్వాత నెలల తరబడి ఎండు. ఆ నేల కప్ప ఇది. దీని దగ్గరి చుట్టం ఆర్నాటా అనే కొమ్ముల కప్ప ఇంకా కింద, పంపా గడ్డి మైదానాల్లో ఉంటుంది. అక్కడి పల్లెల్లో దాన్ని ఎస్కుయెర్సో అంటారు. దానికి విషం ఉందని, గుర్రాన్ని కరిస్తే గుర్రమే చచ్చిపోతుందని ఒక నమ్మకం. ఆ భయంతో కనపడితే చంపేసేవాళ్లు. విషమూ లేదు, పాడూ లేదు. పట్టుదల మాత్రం ఉంది, పట్టుకుంటే వదలదు.

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే తేల్చేస్తా. నేనుండేది డల్లాస్ దగ్గర. పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో టీసీయూ అని యూనివర్సిటీ ఉంది, వాళ్ల ఫుట్‌బాల్ టీమ్ పేరు హార్న్‌డ్ ఫ్రాగ్స్. అది చూసి "ఓహో, టెక్సస్ కప్పన్నమాట" అనుకోకండి. వాళ్లది అసలు కప్పే కాదు, ఒంటి నిండా ముళ్లున్న తొండ. చీమలు తిని బతుకుతుంది, కోపమొస్తే కళ్లలోంచి రక్తం చిమ్ముతుంది. టెక్సస్ రాష్ట్ర సరీసృపం అదే. దాన్ని పట్టి పెంచుకోవడం ఇక్కడి చట్టం ఒప్పుకోదు. పేరు కలిసింది కదా అని రెండిటినీ ఒకే తక్కెట్లో వెయ్యొద్దు.

బోండాంని నేను కొనలేదు. నాతో ఎమ్మెస్ చేసిన ఫ్రెండ్ ఒకడు నాలుగేళ్ల కిందట కొన్నాడు, అప్పుడది రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. పోయినేడాది వాడి టీమ్ మొత్తానికి లేఆఫ్ పడింది. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఆ రోజుల్లో వాడు ఇంటర్వ్యూలు ఇచ్చాడు, కారు అమ్మాడు, సోఫా అమ్మాడు, ప్రెషర్ కుక్కర్ జూనియర్లకి ఇచ్చేశాడు. చివరికి మిగిలింది కప్ప. ఫ్లైట్ సాయంత్రం అనగా పొద్దున్నే ట్యాంక్ చంకన పెట్టుకుని మా అపార్ట్‌మెంట్‌కి వచ్చాడు. "నెల రోజులు చూడరా, ఎవరో ఒకరికి ఇచ్చేద్దాం" అన్నాడు. ఆ పూట వాడి మొహం చూసినవాడెవడూ కాదనలేడు.

ఎవరో "పక్కన వాగుంది కదా, వదిలెయ్యొచ్చుగా" అని సలహా ఇచ్చారు. అది మాత్రం ఎవరూ చెయ్యకండి. ఇక్కడి చలికాలానికి అది చస్తుంది. చావకపోతే ఇక్కడి కప్పల్ని మింగుతుంది. రెండూ కాకపోయినా దాని ఒంటి మీది రోగం ఏదైనా వాగులో కలుస్తుంది. ప్రపంచమంతటా కప్ప జాతుల్ని తుడిచిపెడుతున్న కైట్రిడ్ ఫంగస్ అలా ఊళ్లు మారినదే.

ఇంకో సంగతి. సరిగ్గా చూసుకుంటే ఈ కప్ప పదేళ్లు, పదిహేనేళ్లు కూడా బతుకుతుంది. నా వీసా మూడేళ్లకోసారి పొడిగించుకోవాలి. దానికి ఆ బాధ లేదు.

ఇక తిండి. అసలు కథంతా ఇక్కడే ఉంది.

వచ్చినప్పుడు బోండాం 340 గ్రాములు తూగింది. మా వంటింటి కాటా మీద ప్లాస్టిక్ డబ్బా పెట్టి తూచాను (ఆ డబ్బా ఇప్పుడు దానిదే, మళ్లీ వంటింట్లోకి రాలేదు). పైనుంచి చూస్తే పొడవు కంటే వెడల్పు ఎక్కువ. నడవమంటే రెండడుగులు వేసి బోర్లా పడుకునేది. పెట్ జంతువుల్లో కుక్కా పిల్లీ కానివాటిని చూసే డాక్టర్లు వేరే ఉంటారు, ఎగ్జాటిక్ వెట్ అంటారు. ఆవిడ దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి, కడుపులో రాయీ రప్పా ఏమీ లేవని చెప్పి, "ఇది ఊబకాయం. ఇలాగే తింటే లివర్ పాడవుతుంది, కళ్ల మీద కొవ్వు పేరుకుంటుంది, ఎక్కువ కాలం ఉండదు" అంది. వాడు దాన్ని పస్తు పెట్టలేదు కదా, ప్రేమగా రోజూ పెట్టాడు. వారానికో ఎలక పిల్ల స్పెషల్.

వాణ్ని తప్పు పట్టడానికి లేదు, ఎందుకంటే ఈ కప్ప ఎప్పుడూ వద్దనదు. అది వేటాడే పద్ధతి అలాంటిది. వెనక్కి వెనక్కి జరుగుతూ మట్టిలో కూరుకుపోయి, కళ్లు మాత్రం బయటపెట్టి కూర్చుంటుంది. గంటలైనా, రోజులైనా కదలదు. ఒక్కోసారి వెనక కాలి వేళ్లని పురుగులా మెల్లగా ఆడిస్తుంది, అది ఎరే అనుకుని ఏ చిన్న ప్రాణో దగ్గరికొస్తే అయిపోయినట్టే. నాలుక ఒక్క దెబ్బ. జర్మనీలో కీల్ యూనివర్సిటీ వాళ్లు 2014లో దీని నాలుక ఎంత జిగటో కొలిస్తే, తన ఒంటి బరువు కంటే ఎక్కువే లాగగలదని తేలింది. చాకోలో వానలు ఆగాక ఇదే కప్ప నేలలోకి దిగి, ఒంటి చుట్టూ చనిపోయిన చర్మం పొరలు పొరలుగా తొడుక్కుని, నీళ్లు పోకుండా మూటకట్టుకుని నెలల తరబడి నిద్రపోతుంది. అప్పుడు తిండీ లేదు, నీళ్లూ లేవు. అందుకే దాని ఒంట్లో ఉన్న రూల్ ఒక్కటే: కదిలితే మింగు, రేపు ఉంటుందో లేదో. మన భాషలో చెప్పాలంటే బయటికొచ్చే కండిషన్ లేని లూప్. చాకోలో ఆ లూప్‌ని ఎండాకాలం ఆపుతుంది. గాజు ట్యాంక్‌లో ఎండాకాలం రాదు, అక్కడ ఆపాల్సింది మనమే.

కాబట్టి "తింటోంది కదా, ఆకలేసి ఉంటుంది" అన్న లెక్క పనికిరాదు. వయసుని బట్టి లెక్క పెట్టుకోవాలి. పిల్ల కప్ప, అంటే రెండున్నర అంగుళాల లోపుది, ఎదిగే వయసు కాబట్టి రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ తినాలి. చిన్న కీచురాళ్లు రెండు మూడు, లేదా వానపాము ముక్క. ఎదిగిన కప్పకి వారానికోసారి చాలు, పది రోజులకోసారైనా దానికేం కాదు. ఒక్కో పురుగు దాని రెండు కళ్ల మధ్య ఉన్న దూరం కంటే లావుండకూడదు. నోరు అంత పెద్దది కదా అని పెద్దవి వేస్తే మింగేస్తుంది, అరిగించుకోలేక తర్వాత తంటాలు పడుతుంది.

ఏది పెట్టాలంటే, నా ఓటు వానపాముకే. ఇక్కడ చేపల ఎరలమ్మే చోట నైట్‌క్రాలర్లని డబ్బాల్లో దొరుకుతాయి, లావుగా ఉంటాయి. మెత్తగా అరుగుతుంది, కాల్షియం కీచురాయి కంటే మెరుగు. కంపోస్టులో వేసే ఎర్ర వానపాములు మాత్రం వద్దు, అవి చేదు ద్రవం వదులుతాయి, కప్ప నోట్లో వేసుకుని ఉమ్మేస్తుంది. వానపాము తర్వాత దూబియా బొద్దింకలు, పట్టు పురుగులు, అప్పుడప్పుడు హార్న్‌వార్మ్. కీచురాయి మంచిదే గానీ అదొక్కటే పెట్టకూడదు, ఎందుకంటే పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అలాగే ఏళ్లు గడిస్తే కప్ప ఎముకలు మెత్తబడి దవడ వంకర పోతుంది. అందుకే డి3 కలిసిన కాల్షియం పొడిలో పురుగుని ఒకసారి దొర్లించి పెడతాం, పకోడీకి శనగపిండి పట్టించినట్టు. వేరే రోజు మల్టీవిటమిన్ పొడి. అందులో విటమిన్ ఎ ఉందో లేదో లేబుల్ చూడండి. అది తక్కువైతే నాలుకకి జిగట పోయి, కప్ప ఎంత గురి చూసి కొట్టినా పురుగు అంటుకోదు. చూసేవాళ్లకి అది గురి తప్పుతోందని నవ్వొస్తుంది, నిజానికది జబ్బు.

పురుగు తిన్నదే కప్ప తింటుంది కాబట్టి కీచురాళ్లకి ముందురోజు కేరట్, ఆకుకూర వేసి మేపాలి. కప్ప కోసం పురుగులు, పురుగుల కోసం కూరగాయలు. కిరాణా బిల్లు చూసి మా రూమ్మేట్ "ఈ కేరట్ ఎవరిదిరా?" అంటుంటాడు.

వద్దన్న లిస్టు కూడా చూడండి. పెరట్లో పట్టిన పురుగులు వద్దు, పక్కింటి లాన్‌కి ఏ మందు కొట్టారో మనకి తెలీదు. మిణుగురులు అసలొద్దు, వాటిలో ఉన్న విషానికి పెంపుడు తొండలు చచ్చిపోయిన కేసులున్నాయి. గోల్డ్‌ఫిష్ మాటిమాటికీ పెడితే అందులో ఉండే ఒక ఎంజైమ్ విటమిన్ బి1ని విరిచేస్తుంది. ఎలక పిల్ల వీడియోలకి వ్యూస్ బాగా వస్తాయి గానీ కప్పకి కొవ్వే వస్తుంది. మన అన్నం, చికెన్ ముక్క లాంటివి అడగనే అడగొద్దు. ఇంకో కప్పని తోడుకి తెద్దాం అంటారా, అది తోడు కాదు, భోజనం.

తిండి పెట్టేది పొడుగాటి పట్టకారుతో, చివర మెత్తగా ఉన్నది. వేలితో వద్దు. కింద దవడలో పళ్లలాంటి మొనలు రెండు ఉంటాయి. 2017లో కొందరు శాస్త్రవేత్తలు సరిగ్గా ఈ క్రాన్‌వెల్లై కప్పలతోనే కొలమానం కరిపించి చూశారు. నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పు తల ఉన్న కప్ప కరిచే బలం 30 న్యూటన్లు, అంటే సుమారు మూడు కిలోల బరువు వేలి మీద పెట్టినట్టు. ఆ లెక్కనే పొడిగించి, డైనోసార్ల కాలంలో మడగాస్కర్‌లో బతికిన బీల్జెబుఫో అనే పెద్ద కప్ప చిన్న చిన్న డైనోసార్లని కూడా పట్టి ఉండొచ్చన్నారు. మా రూమ్మేట్‌కి ఈ పేపర్ చదివి వినిపించాక ట్యాంక్ దగ్గర చెయ్యి పెట్టడం మానేశాడు.

ఇల్లు సంగతి తిండంత పెద్దది కాదు. పది నుంచి ఇరవై గ్యాలన్ల ట్యాంక్ ఒకటి చాలు, ఇది తిరిగే ప్రాణి కాదు. అడుగున కొబ్బరి పొట్టు మూడు నాలుగంగుళాలు. ఇటుకలా నొక్కి అమ్ముతారు, నీళ్లు పోస్తే పొంగుతుంది. మా చెట్ల కింద ఊరికే పడుండే సరుకుని ఇక్కడ డాలర్లు పోసి కొంటున్నానని తెలిసి నాన్న రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద అవ్వాలి, నీళ్లు కారకూడదు, అదీ తడి లెక్క. గులకరాళ్లు వెయ్యకండి, పురుగుతో పాటు రాయినీ మింగుతుంది, ఆపరేషన్ దాకా వెళ్తుంది.

నీళ్ల దగ్గర జాగ్రత్త. కప్ప నోటితో తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. నీళ్లలో ఏముంటే అది నేరుగా ఒంట్లోకే. కొళాయి నీళ్లు రాత్రంతా బకెట్లో పెడితే క్లోరిన్ ఎగిరిపోతుంది, అది నిజమే. కానీ మా ఉత్తర టెక్సస్ ఊళ్లలో చాలాచోట్ల కలిపేది క్లోరమైన్, అది అలా పోదు. అక్వేరియం వాళ్లు వాడే డీక్లోరినేటర్ చుక్కలు వెయ్యాల్సిందే. పళ్లెం లోతు కప్ప గడ్డం దాటకూడదు, ఇది కప్పే గానీ ఈత బాగా రాదు. రెట్ట కనపడిన వెంటనే తియ్యాలి, ఆ చుట్టూ పొట్టు కూడా. లేకపోతే అమ్మోనియా చేరి, ఆ చర్మంలోంచే వెనక్కి ఎక్కి, తన మలమే తనకి విషమవుతుంది. ఉన్నట్టుండి కప్ప పిచ్చిగా గెంతుతూ, కాళ్లు చాపుకుంటూ కనపడితే దాని అర్థం హుషారు కాదు. వెంటనే తీసి శుభ్రమైన నీళ్లలో పెట్టి డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి. అలాగే రాత్రికి రాత్రి బెలూన్‌లా ఉబ్బితే అది కొవ్వు కాదు, ఒంట్లో నీరు చేరడం. అదీ ఆగే పని కాదు.

వేడి 24 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మా ఇంట్లో ఏసీ 22 మీద ఉంటుంది, అంటే జూలైలో కూడా దానికి చలే. హీట్ ప్యాడ్ ట్యాంక్ పక్క గోడకి అంటించాలి, థర్మోస్టాట్‌తో. కింద పెట్టకూడదు. ఒళ్లు కాలితే కప్ప చేసే పని ఒక్కటే, ఇంకా లోపలికి తవ్వుకోవడం. కింద వేడుంటే వేడిలోకే తవ్వుకుంటూ పోతుంది.

ఇప్పుడు హైదరాబాద్ ప్రశ్న. కొనకముందు మే నెల గుర్తు తెచ్చుకోండి. 30 దాటితేనే దానికి కష్టం, మన దగ్గర 42. మీరు ఆఫీసుకెళ్తే ఏసీ ఎవరు వేస్తారు? కరెంటు పోతే? కప్పని చూసే డాక్టర్ మీ ఊళ్లో ఉన్నారా అన్నది ముందు వెతకండి, తర్వాత కప్ప. షాపువాడు ఎక్కణ్నుంచి తెచ్చాడో కాగితం అడగండి, అనుమానం ఉంటే అటవీశాఖలో కనుక్కోండి. కప్పలంటే అంత ఇష్టమైతే తొలకరికి ఊరెళ్లండి. నిండిన చెరువు గట్టున పసుప్పచ్చ రంగు తిరిగిన బోదురు కప్పలు బెక బెకమంటుంటే ఫోన్‌లో ఎంతసేపైనా తీసుకోవచ్చు. వాటిని మాత్రం డబ్బాలో వేసుకుని ఇంటికి తేవద్దు.

ఇంతకీ ఈ కప్పతో సరదా ఏంటని అడిగారు ఒకరు. నిజం చెప్పాలంటే పెద్దగా లేదు. పిలిస్తే రాదు, ఎత్తుకుంటే ఇష్టపడదు, మన చేతి మీది లోషన్, శానిటైజర్ దాని చర్మానికి మంట. తప్పనిసరై ముట్టుకుంటే తడి గ్లౌజులతో, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా ఉండొచ్చు. కానీ రాత్రి పన్నెండింటికి ప్రొడక్షన్‌లో ఏదో పగిలి, కాల్‌లో ఇరవైమంది ఒకేసారి మాట్లాడుతుంటే, పక్కన ఆ రెండు కళ్లు మాత్రం పొట్టులోంచి బయటపెట్టి, ఏమీ పట్టనట్టు కూర్చుంటుంది చూడండి. నాకది చాలు. అప్పుడప్పుడు కుబుసం విడిచి, స్వెటర్ తల మీంచి లాగినట్టు లాక్కుని, దాన్నే తినేస్తుంది. ఏదీ వేస్ట్ చెయ్యదు.

ఆరు నెలలు పది రోజులకోసారి రెండు వానపాములు, అంతే. ఎలకలు బంద్. రోజూ సాయంత్రం మూత మీదికి మొహమెత్తి కూర్చునేది, పట్టకారు చప్పుడైతే చాలు ముందుకొచ్చేది. అప్పుడు పెట్టకుండా లేవడం కాస్త కష్టమే. ఇప్పుడు 270 గ్రాములు. డాక్టరమ్మ ఇక్కడ ఆగమంది. నడక వచ్చింది, రాత్రుళ్లు ట్యాంక్‌లో ఈ మూల నుంచి ఆ మూలకి వెళ్తోంది. ప్రతి ఆదివారం కాటా మీద ఫొటో తీసి వైజాగ్‌లో ఉన్న ఫ్రెండ్‌కి పంపిస్తాను. వాడికి అక్కడ ఉద్యోగం దొరికింది. "ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్న మాట వాడూ ఎత్తడం లేదు, నేనూ ఎత్తడం లేదు.

వచ్చే నెల మూడు వారాలు ఇండియా వస్తున్నాను, స్టాంపింగ్ పని కూడా ఉంది. బోండాం బాధ్యత రూమ్మేట్‌ది. ట్యాంక్ మీద కాగితం అంటించాను: నీళ్లు రోజూ మార్చు, డీక్లోరినేటర్ మర్చిపోకు, పొట్టు ఆరితే చిలకరించు, అది పైకి చూసి నోరు తెరిచినా సరే తిండి పెట్టకు. చదివి వాడు "మూడు వారాలు ఏమీ పెట్టకుండానా? పాపం కదరా" అన్నాడు. అందుకని కింద ఇంకో లైన్ రాశాను. పదో రోజున ఒకే ఒక్క పూట, రెండంటే రెండు. వానపాముల డబ్బా ఫ్రిజ్‌లో కింది అరలో ఉంది, పెరుగు డబ్బాతో మార్చిపోకు.